గుండ్లగుట్ట హాల్ట్

మా ఊరి హాల్ట్‌లో రైలు ఆగడం మానేసిన తర్వాత కూడా మా ఊరివాళ్లు అక్కడే దిగేవారు. మూడు ఎండాకాలాలు అలా గడిచాయి. నాలుగో ఎండాకాలంలో సత్యవ్వ దిగిన తర్వాత ఇక ఎవరూ దిగలేదు.

కొడిమ్యాల మండలంలో ఉంటుంది మా ఊరు గుండ్లగుట్ట. మెయిన్ రోడ్డు మీద ఊరి పేరు రాసిన స్వాగత కమాన్ దగ్గర బస్సు దిగితే ఊళ్లోకి నాలుగు కిలోమీటర్లు నడవాలి. రైలు పట్టాలు మాత్రం ఊరి చివరి ఇళ్లను ఆనుకునే పోతాయి. గుట్టను లీజుకు తీసుకున్న గ్రానైట్ సేటు ఒకాయన, తన కూలీలు వచ్చిపోవడానికని, తన జాగాలో తన ఖర్చుతో చిన్న ప్లాట్‌ఫారం కట్టించాడు. ఒక రేకుల షెడ్డు, రెండు రాతి బెంచీలు, అగ్గిపెట్టెంత టికెట్ గది, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి ఆపడానికి రైల్వేవాళ్లు ఒప్పుకున్నారు. స్టేషన్ మాస్టర్ లేడు, సిగ్నల్ లేదు. టికెట్లు అమ్మే పని కమీషన్ మీద మా అబ్బాకు దొరికింది.

మా అబ్బా పేరు సత్తార్. అంతకుముందు క్వారీ దగ్గర సోడాబండి నడిపేవాడు. పూడూరు స్టేషన్‌కు సైకిల్ మీద పోయి అట్ట టికెట్ల కట్టలు తెచ్చి, తారీఖు ముద్ర గుద్ది, పదేళ్లు అమ్మాడు. ఎవరైనా పొలంగట్ల మీద ఉరుకుతూ వస్తుంటే అబ్బా గార్డుకు చెయ్యెత్తి చూపేవాడు. బండి ఇంకో అర నిమిషం ఆగేది. ఊళ్లో ఆయనను సత్తార్ భాయ్ అన్నవాళ్లే తప్ప ఒట్టి సత్తార్ అన్నవాళ్లు లేరు.

తర్వాత క్వారీ మూతపడి సేటు వెళ్లిపోయాడు. కరోనాలో రైళ్లు ఆగాయి. మళ్లీ నడవడం మొదలైనప్పుడు, ఆగే స్టేషన్ల లిస్టులో మా ఊరి పేరు లేదు. అబ్బా నాలుగైదుసార్లు పోయి అడిగాడు. అది ప్రైవేటు వాళ్లు కట్టుకున్న హాల్ట్, వాళ్లే లేనప్పుడు ఎవరి కోసం ఆపాలి అన్నారట. షెడ్డులో మేకలు పడుకోవడం మొదలైంది. టికెట్ గది తాళంచెవి మాత్రం అబ్బా జేబులోనే ఉండేది.

మరుసటి ఏడాది వానలకు ప్లాట్‌ఫారం పక్కన పట్టాల కింద నీళ్లు పోయే మోరీ దగ్గర మట్టి కోసుకుపోయింది. గ్యాంగ్‌మన్ సాయిలు వచ్చి పట్టాల పక్కన, బండి స్పీడు తగ్గించమని చెప్పే కాషన్ బోర్డులు పాతాడు. అప్పటినుంచి ప్రతి బండీ సరిగ్గా మా ప్లాట్‌ఫారం పొడవునా మనిషి నడకంత మెల్లగా పోయేది. ఆ సంగతి మొదట గమనించింది అబ్బా. ఒకరోజు జగిత్యాల దగ్గరి లింగంపేట స్టేషన్‌లో ఎక్కి వచ్చి, నడిచే బండిలోంచి తానే దిగి చూపించాడు. తర్వాత ఆడవాళ్లను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి నేర్పించాడు. బండి పోయే దిక్కే మొహం పెట్టాలి, ఎడమ కాలు ముందు, దిగంగానే ఆగకుండా నాలుగడుగులు ఉరకాలి. తప్పని ఆయనకు తెలియదా అంటే తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆయన మొహంలో ఉన్న వెలుగు, హాల్ట్ మూతపడ్డాక నేను మళ్లీ చూడలేదు.

మామిడికాయల సీజన్ వస్తే మా ఊరి ఆడవాళ్లు పదకొండు మంది జగిత్యాల మార్కెట్‌కు పనికి పోయేవారు. కాయలను సైజుల వారీగా ఏరి పెట్టెల్లో సర్దే పని. మా అమ్మీ సయీదా బేగం వాళ్లలో ఒకరు. పొద్దున ఆటోలో పోయి, సాయంత్రం నిజామాబాద్ నుంచి కోరుట్ల మీదుగా కరీంనగర్ పోయే బండిని లింగంపేటలో ఎక్కి, పూడూరు దాకా టికెట్ తీసుకుని, మా ఊరి దగ్గర దిగేవారు. వాళ్లకు పెద్ద సత్యవ్వ. అరవై దాటిన మనిషి, కల్లు గీసేవాళ్ల ఇంటి కోడలు. ఎప్పుడూ తనే ముందు దిగేది. తను నిలబడి, వెనకవాళ్ల మూటలందుకుని, ఒక్కొక్కరికి చెయ్యిచ్చి దింపేది. పైనుంచి ఎవరైనా తొందరపడితే ఒప్పుకునేది కాదు.

నాలుగో ఎండాకాలంలో, ఉగాది వెళ్లిన వారానికి సాయిలు మా ఇంటికి వచ్చాడు. మోరీ కొత్తగా కట్టడం అయిపోయింది, సోమవారం కాషన్ బోర్డులు తీసేస్తారు, ఇక బండి ఇక్కడ స్పీడు తగ్గించదు అని చెప్పాడు. అబ్బా ఆ రాత్రే పదకొండు ఇళ్లూ తిరిగాడు. సోమవారం ఆడవాళ్లు బస్సులో వచ్చి కమాన్ దగ్గర దిగి నడిచారు. ఊరి దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పక్కనుంచే రైలు పోయింది, ఎప్పటిలాగే నడుస్తూ. ఏదో కారణానికి ఆర్డరు ఆగిందట.

మే మొదటి వారంలో మళ్లీ అదే జరిగింది, అబ్బా మార్కెట్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పాడు, వాళ్లు బస్సు దిగి నడిచారు. ఈసారి ఎండ భరించలేనిది. సత్యవ్వ దారిలో వాంతి చేసుకుని తుమ్మచెట్టు కింద కూలబడింది. ఆమె కొడుకు మధుకర్ ఆటో తీసుకుని ఎదురుపోయి ఇంటికి తెచ్చాడు. ఆ రోజు కూడా రైలు మెల్లగానే పోయింది.

ఆ తర్వాత నవ్వులు మొదలయ్యాయి. అబ్బా కిరాణా కొట్టు ముందు నుంచి పోతే ఎవరో ఒకరు, “సత్తార్ భాయ్, రైలు ఉరుకుతాందా?” అని అడిగేవారు. బోరింగు దగ్గర, మార్కెట్‌కు పోయేవాళ్లలో ఒకతె రేణుక అబ్బాలాగా చెయ్యెత్తి, గొంతు మార్చి, “ఉరుకుతది, ఉరుకుతది” అంటే ఆడవాళ్లు బిందెలు దించి నవ్వేవారు. నేను అక్కడే ఉన్నానని రేణుక చూసుకోలేదు. చూసుకున్నా ఆపేదేమో కాదు. అబ్బా బయట నవ్వేసి వచ్చేవాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని సగం అన్నం వదిలేసేవాడు. పనినుంచి వచ్చిన అమ్మీ కూడా ఒకరోజు, ఇక చాలు, మళ్లీ ఎవరింటికీ పోకు, నేను వాళ్ల మధ్యలో కూర్చోలేకపోతున్నాను అంది. అబ్బా సరే అన్నాడు.

కానీ ఆయనకు వేరే ఆలోచన వచ్చింది. బోర్డులు ఎప్పటికైనా తీస్తారు కాబట్టి హాల్ట్‌నే మళ్లీ తెరిపించాలి. హాల్ట్ పుట్టుపూర్వోత్తరాలన్నీ నాతో రాయించాడు. ఏ సంవత్సరం కట్టారు, రోజుకు ఎంతమంది ఎక్కేవారు, ఎవరెవరి పిల్లలు ఈ బండి మీద పోయి చదువుకున్నారు. బీఈడీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నాకు అదొక్కటే పని. నాలుగు పేజీలైంది. కింద నలభై మూడు సంతకాలు, వేలిముద్రలు. నవ్వినవాళ్లు కూడా పెట్టారు. మే నెల మధ్యలో ఒక మంగళవారం అబ్బా ఉతికిన చొక్కా వేసుకుని, ఆ కాగితాలు రైల్వేవాళ్లకు ఇవ్వడానికి కరీంనగర్ వెళ్లాడు.

ఆయన వెళ్లిన గంటకు సాయిలు వచ్చాడు.

“మీ నాయిన లేడా?”

కరీంనగర్ వెళ్లాడని చెప్పాను.

“ఇయ్యాల బోర్డులు తీస్తం బిడ్డా. పై నుంచి ఫోన్ రాంగనే తీసుడే. సాయంత్రం బండి మెల్లగ పోదు. మీ నాయినకు చెప్పు, ఆడోళ్లకు చెప్పు.”

“రెండుసార్లు గిట్లనే అన్నవు కదా కాకా.”

“అన్న. నేనేం జేత్తును, ఆర్డరు ఆగింది. ఇయ్యాల ఆగదు.” అని కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, పట్టాల వెంట వెళ్లిపోయాడు.

నేను అబ్బాకు ఫోన్ చేయలేదు. చేస్తే ఆయన అక్కడినుంచే పదకొండు మందికి చేస్తాడు. వాళ్లు ఫోన్ స్పీకర్‌లో పెట్టి మార్కెట్‌లో నలుగురికీ వినిపిస్తారు. పోయినసారి అలాగే చేశారు. మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మీకి చేశాను. లారీల చప్పుడు, పెట్టెలకు మేకులు కొట్టే చప్పుడు. అమ్మీ ఏంది అని అడిగింది. వెనకనుంచి సత్యవ్వ గొంతు వినపడింది.

“ఏందట సయీదా? మల్ల రైలు ఉరుకుతదటనా?”

అందరూ నవ్వారు. అమ్మీ నవ్వలేదు. ఆమె ఊపిరి మాత్రం వినపడింది.

“ఏం లేదు అమ్మీ. వచ్చేటప్పుడు రెండు కాయలు తే. పప్పులకు,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాకు నేను ఒక లెక్క చెప్పుకున్నాను. ఐదింటికి హాల్ట్ దగ్గరికి పోయి చూస్తాను. బోర్డులు ఉంటే సరే. లేకపోతే అప్పుడు చెప్తాను, అప్పటికి వాళ్లు స్టేషన్‌లోనే ఉంటారు. ఎవరూ నవ్వే పని ఉండదు. ఆ లెక్క నాకు బాగానే ఉన్నట్టు తోచింది. అన్నం తిని పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

నాలుగున్నరకు గాలిదుమారం లేచింది. మామిడికాయల కాలంలో వచ్చేదే. ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. మధుకర్ వాళ్ల వాకిట్లో రేకు ఎగిరి రోడ్డు మీద పడింది. వాన మాత్రం నాలుగు చినుకులే. కరెంటు పోయింది, దానితోపాటే సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా. గాలి తగ్గాక నేను హాల్ట్‌కు వెళ్లాను. కాషన్ బోర్డులు లేవు. అవి పాతిన చోట రెండు గుంతలు, తడిమట్టితో కొత్తగా పూడ్చినవి.

అమ్మీకి కలవలేదు. రేణుకకు కలవలేదు. ఫోన్‌ను తలమీదికి ఎత్తి ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను. ఒక్క గీత కూడా రాలేదు. అబ్బా పాత ఎర్ర జెండా టికెట్ గదిలో ఉందని గుర్తొచ్చింది. తాళంచెవి ఆయనతోనే కరీంనగర్‌లో ఉంది. రాయి తీసుకుని తాళాన్ని కొట్టాను. తుప్పు రాలింది గానీ ఊడలేదు. షెడ్డులోని మేకలు లేచి దూరంగా పోయి నిలబడి చూస్తున్నాయి. ఇంకా కొడుతూ ఉండగానే గుట్ట మలుపులో హారన్ వినపడింది.

మలుపు దగ్గర బండికి బ్రేకు పడింది. అది ఎప్పుడూ పడేదే, మలుపు కోసం. ఇదివరకైతే ఆ బ్రేకు మీదే ఇంకా తగ్గి మెల్లగా వచ్చేది. తలుపు దగ్గర సత్యవ్వ నిలబడి ఉంది, ఆమె వెనక అమ్మీ, రేణుక, మూటలు. నేను రెండు చేతులూ ఊపుతూ ఎదురుగా ఉరికాను. వద్దు వద్దని అరిచాను. ఇంజను నన్ను దాటిపోతూ గట్టిగా కూత వేసింది. నా మాట నాకే వినపడలేదు. రోజూ ఎదురువచ్చే అబ్బా ఊళ్లో లేడు కాబట్టి మూటలందుకోవడానికి నేను వచ్చానని అనుకుందట సత్యవ్వ. నన్ను చూసి చెయ్యి ఊపింది. బండి అప్పుడే మలుపు దాటి వేగం అందుకుంటోంది. ఆమె ఎడమ కాలు కింద పెట్టింది.

బండి ప్లాట్‌ఫారం దాటి చాలా దూరం పోయి ఆగింది. గొలుసు లాగింది అమ్మీ. సత్యవ్వ దగ్గరికి ముందు చేరింది నేనే. ఆమె ప్లాట్‌ఫారం అంచుకు, పట్టాలకు మధ్య పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

“అందరు దిగిండ్రా?” అని అడిగింది.

“ఎవ్వరు దిగలే అవ్వా.”

“మంచిగయింది,” అంది. తర్వాత కాలివైపు చూసుకోబోయింది. నేను నా చున్నీ తీసి కప్పాను.

మధుకర్ ఆటోలోనే పెద్ద రోడ్డు దాకా, అక్కడినుంచి అంబులెన్స్‌లో కరీంనగర్ తీసుకుపోయారు. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

అబ్బా ఏడింటి బస్సుకు కమాన్ దగ్గర దిగాడు. సాయిలు అక్కడే ఎదురుచూస్తున్నాడట. ఇద్దరూ నాలుగు కిలోమీటర్లూ కలిసి నడిచి వచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అడగాల్సిన అవసరం లేదు. అబ్బా ఇంట్లోకి వచ్చి నావైపు ఒకసారి చూశాడు. చేతులు, కాళ్లు కడుక్కుని నమాజు చేసుకున్నాడు. నేను నోరు తెరవబోతే చేత్తోనే వద్దన్నాడు.

పొద్దున గ్రామపంచాయితీ ముందు ఊరంతా చేరింది. ఆసుపత్రినుంచి మధుకర్ వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు, చొక్కామీద మరకలు అలాగే ఉన్నాయి. అబ్బాను పిలిపించారు. అమ్మీ, నేను వెనకే వెళ్లి గోడ పక్కన నిలబడ్డాం. సాయిలు ఎవరికీ కనపడకుండా దూరంగా ఉన్నాడు.

“బోర్డులు తీస్తరని ముందుగాల నీకు తెల్సా?” అని అడిగాడు మధుకర్. భాయ్ అనలేదు.

“తెల్సు,” అన్నాడు అబ్బా.

“మరి ఎందుకు జెప్పలే?”

అబ్బా నావైపు చూడలేదు. నిజంగా తన మనసులో వెతుక్కుంటున్నవాడిలాగా ఉన్నాడు.

“నవ్వుతరని జెప్పలే,” అన్నాడు.

ఆ మాట నాది. నేను ఎవరికీ చెప్పని మాట. అమ్మీ నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా, గోళ్లు దిగేటట్టు. నేను నోరు విప్పలేదు. మధుకర్ అబ్బా మీదికి వస్తే ఇద్దరు ముగ్గురు అడ్డం పడ్డారు. కొట్టేవాడే. ఆగి, నేల మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అబ్బాకు చెప్పడానికి ప్రయత్నించాను. మా ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటాం. ఆయన మాత్రం తెలుగులో, బయటివాళ్లతో మాట్లాడినట్టు అన్నాడు.

“ఊకో. రేపు నీకు బడిల నౌకరి అస్తే ఈ ఊరోళ్ల పిల్లలే నీ ముందట కూసుంటరు. నాదేముంది, టికెట్లు అమ్మెటోని మాట. పోతే పోయింది.”

ఇక ఆ ఇంట్లో ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. మా వాకిట్లోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అమ్మీని మార్కెట్‌కు పిలవడానికి ఎవరూ రాలేదు. బోరింగు దగ్గరికి మేము పోతే మాటలు ఆగేవి. సాయిలు కూడా మా ఇంటి ముందునుంచి నడవడం మానేసి పట్టాల అవతలి పక్కనుంచి పోయేవాడు. జూన్ మొదటివారంలో జేసీబీ వచ్చి ప్లాట్‌ఫారాన్ని తవ్వి, షెడ్డు కూల్చి, రాళ్లు ట్రాక్టర్లలో వేసుకుపోయింది. ఇక ఎవరూ అక్కడ దిగకుండా అని చెప్పారు. అబ్బా చూడడానికి వెళ్లలేదు. టికెట్ గది తలుపును తాళంతోనే పడగొట్టారని పిల్లలు వచ్చి చెప్పారు.

ఆ వారంలోనే సత్యవ్వను ఇంటికి తెచ్చారు. అబ్బా పలకరించడానికి వెళ్లాడు. ఆమె మంచంమీద కూర్చుని, వీధి వీధంతా వినేటట్టు, ఆయనను తిట్టింది. ఆయన పిల్లలను, ఆయన చేతులను, ఆయన నేర్పిన నడకను తిట్టింది. మా ఇంటి అరుగు మీదికి ప్రతి మాటా వినపడింది. అబ్బా తల వంచుకుని, ఆమెకు ఆయాసం వచ్చి ఆగేదాకా నిలబడి, వచ్చేశాడు. మర్నాడు సిరిసిల్ల పోయాడు. అక్కడ మా ఉబేద్ మామూ బట్టలు కుట్టే షెడ్డులో ఏదో పని చూశాడు. వానలు పడితే ఇల్లు ఖాళీ చేసి మమ్మల్నీ రమ్మని అబ్బా ఫోన్‌లో చెప్పాడు.

మిరుగు కార్తె తొలివాన పడింది. మామిడికాయల మార్కెట్ ముగిసింది. సామాను కట్టేశాం. వెళ్లడానికి ముందురోజు సాయంత్రం, అమ్మీకి చెప్పకుండా, నేను సత్యవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో మంచం మీద ఉంది. కాలు మీద దుప్పటి. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను కింద కూర్చుని అంతా చెప్పాను. సాయిలు నాకు చెప్పడం, నేను ఫోన్ చేయడం, ఆమె మాట వినడం, మామిడికాయలు తెమ్మనడం. మధ్యలో ఆపకుండా విన్నది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె కొడుతుందనిపించింది.

“గప్పుడు నేను నవ్విన్నా?” అని అడిగింది.

“నవ్వినవు అవ్వా. అందరు నవ్విండ్రు.”

ఆమె దుప్పటిని కాలు లేని చోట సరిచేసుకుంది.

“ఇప్పుడు నాకెందుకు జెప్పినవు? నీ బరువు దిగుతదనా?”

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

“మీ నాయిన ఊరందరి ముందట ఒప్పుకున్నడు. నువ్వు నా ఒక్కదాని ముందట ఒప్పుకుంటే ఎట్ల సరిపోతది? నేను గూడ ఆయినను నలుగురు ఇనంగ తిట్టిన. రేపు పొద్దుగాల పంచాయితి కాడికి రా. నేనస్త.”

ఇంటికి వెళ్లి అమ్మీకి చెప్పాను. అమ్మీ పొద్దుటిదాకా కూర్చునే ఉంది. పోవద్దు అనలేదు, పో అనలేదు.

పొద్దున మధుకర్ ఆటోలో తల్లిని తెచ్చాడు. ఎత్తుకుని మెట్టు మీద కూర్చోబెట్టాడు. సత్యవ్వ పిలిస్తే రానివాళ్లు లేరు. గోడ పక్కన మెదలకుండా నిలబడ్డ రోజు చెప్పాల్సిందంతా అందరి ముందూ నిలబడి చెప్పాను. ఫోన్‌లో నవ్వుల దగ్గరికి వచ్చేసరికి రేణుక లేచి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు నేల చూపులు చూశారు. తిట్టిన వాళ్లు లేరు, పోనీలే అన్నవాళ్లూ లేరు. మధుకర్ ఒక్కటే అడిగాడు.

“నువ్వని మీ నాయినకు తెల్సా?”

“తెల్సు.”

అతను తల్లిని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. సత్యవ్వ నావైపు చూడలేదు. ఆటో వెళ్లిపోయింది, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. మేము మధ్యాహ్నం ఇంటికి తాళం వేసి, కమాన్ దాకా నడిచి బస్సెక్కాం.

సిరిసిల్ల బస్టాండ్‌లో అబ్బా నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఊరినుంచి ఎవరో అప్పటికే ఫోన్ చేశారని చూడగానే అర్థమైంది. అమ్మీ చేతిలోని సంచీ అందుకున్నాడు, తర్వాత నాది.

“చెప్పినవా?” అన్నాడు.

“చెప్పిన.”

సంచులు రెండూ మోసుకుంటూ మా ముందు నడిచాడు. మగ్గాల చప్పుడు వినపడే సందులోకి తిరిగే ముందు ఆగి, నేను దగ్గరికి వచ్చేదాకా చూశాడు.

“సత్యవ్వ ఏమన్నది?”

“ఏమనలే. మొహం గూడ సూడలే.”

“అంటది,” అన్నాడు అబ్బా. “ఇయ్యాల గాకుంటె రేపు అంటది. అప్పుడు మనిద్దరం పోయి వినాలె.”

సంచులు చేతులు మార్చుకుని సందులోకి తిరిగాడు. అమ్మీ, నేను ఆయన వెనక నడిచాం.